మా ఆయన చేపలు పట్టిన చెరువు

అప్పటికి మా ఆయన పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడిక పెట్టాలి, ఆ భోజనంలో ఆయన తెచ్చే చేపే పులుసు పెట్టాలి. నేను కోరుకున్నది ఇంతే. కూడికకి ఇంకా ఆరు వారాలుంది. ఆ చేప ఏ చెరువులో దొరుకుతుందో ఆయనొక్కడికే తెలుసు. ఆ ముక్క చెప్పకుండానే పోయాడు మహానుభావుడు.

చదువు నాకు సంతకం వరకే. అందుకని నోటితోనే చెబుతున్నా. చెప్పేదాంట్లో మాత్రం ఏదీ దాచను, దాచినవాళ్ళ సంగతే చెబుతున్నాను గనక.

అప్పట్లో, మేం ఇండియానుంచి వచ్చి దిగిన టూంగాబీ పేట చుట్టుపక్కల తెలుగిళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉన్నవాళ్ళంతా పెద్ద చదువులవాళ్ళు. మమ్మల్ని మా ఆడబిడ్డ పిలిపించింది, ఆవిడ నర్సు. ఆయనకి గోదాములో పెట్టెలెత్తే పని, నాకు ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని. ఆదివారం ఎవరింట్లోనైనా నలుగురూ చేరితే డాక్టరు గారు ఎవరి గుండెనో కోసి కుట్టిన సంగతి చెబుతాడు. ఇంజనీరు గారు వంతెన కట్టిన సంగతి చెబుతాడు. మా ఆయన ఏం చెబుతాడు? పెట్టె ఎత్తాను, దించాను. ఆ కథ ఎంతసేపు సాగుతుంది? గోడ పక్కన నిలబడి పకోడీల పళ్ళెం అందించేవాడు.

అలాంటివాడు ఒక శనివారం చేప తెచ్చాడు.

మూరెడు పైనే ఉంది. పొట్ట పసుపు, పొలుసు రూపాయి బిళ్ళంత. "ఎక్కడిది?" అన్నా. "పట్టాను," అన్నాడు. గేలం కర్ర ఒకటి ఎప్పుడో చౌకలో కొన్నాడు, అది గరాజులో బూజు పట్టి ఉండేది. ఆ కర్రతోనేనట.

నేను కొల్లేటి గట్టున పుట్టినదాన్ని. చేపని చూస్తే దాని కులగోత్రాలు చెబుతా. "ఇది మా బంగారు తీగలా ఉందేమిటండీ," అన్నా.

"నోర్ముయ్. దీన్ని ఎల్లోబెల్లీ అంటారు. కొండలు దాటి మూడు గంటలు కారు నడిపితే దొరుకుతుంది. బంగారు తీగకి మీసాలుంటాయి. దీనికున్నాయా? చూడు, కళ్ళున్నాయిగా."

చూశా. మీసాల్లేవు. మూతి దగ్గర మాత్రం నాలుగు చిన్న గాట్లున్నాయి, అటు రెండు, ఇటు రెండు.

"ఇవేంటి?"

"గేలం గీరింది."

"నాలుగు చోట్లా?"

"నాలుగు సార్లు పెనుగులాడింది. నువ్వు చేప తోముతావా, కోర్టు పెడతావా?"

తోమాను. మొప్పలెత్తి చూస్తే మందారప్పువ్వులా ఎర్రగా ఉన్నాయి. మూడు గంటలు ఎండలో కారులో వచ్చిన చేపకి మొప్పలు అలా ఎలా ఉంటాయని నాకప్పుడే అనుమానం రావాలి. రాలేదు. మొగుడు చేప తెచ్చిన రోజున ఆడది పోలీసైపోదు, కత్తిపీట ముందుకు లాక్కుంటుంది.

ఆ పులుసు తిన్న రోజునుంచీ ఆయనకి కుర్చీ దొరికింది. డాక్టరు గారు తల ముక్క చీకి చీకి, "ఏమయ్యా, ఎలా పట్టావు, చెప్పు," అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇక చూడండి. నీళ్ళలో నీడ ఎటు పడాలి, గాలి ఎటునుంచి వీచాలి, చేప ఎలా లాగుతుంది, మనం ఎంత వదలాలి. గంటసేపు చెప్పాడు. గుండె కోసినాయనా, వంతెన కట్టినాయనా నోరు తెరుచుకుని విన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అన్ని మాటలు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

నెలకి రెండు శనివారాలు తెల్లారకముందే వెళ్ళేవాడు, మధ్యాహ్నానికి వచ్చేవాడు. ఎప్పుడూ ఖాళీ చేతులతో రాలేదు. "మమ్మల్నీ తీసుకెళ్ళవయ్యా," అంటే, "మాటలు వినపడితే ఆ చేప రాదండీ," అనేవాడు. "ఏ చెరువయ్యా?" అంటే, "కొండల అవతల," అని నవ్వేవాడు. అలా నాలుగేళ్ళు నవ్వాడు. ఆ తరవాత ఒకరోజు గోదాములోనే గుండె ఆగిపోయింది.

ఆయన గేలం సామాను పెట్టె నేను తర్వాత తీశాను. గేలాల పొట్లం విప్పనే లేదు, అతికించిన కాయితం అతికించినట్టే ఉంది. దారం చుట్ట కొత్తది. పాత వస్తువంటూ ఉన్నది ఒక్కటే, గోళ్ళు తీసుకునే కట్టరు. చేపలు పట్టేవాడికి గోళ్ళ కట్టరెందుకో అనుకుని మళ్ళీ మూతపెట్టాను.

కూడిక సంగతి చెప్పగానే డాక్టరు గారు రొమ్ము విరుచుకున్నాడు. "వదినగారూ, ఆ చెరువు మేం కనిపెడతాం. మీరు చింతపండు నానబెట్టుకోండి."

ఇంజనీరు గారు ఇంత పొడుగు మ్యాపు తెచ్చి మా బల్ల మీద పరిచాడు. బడిపిల్లల కంపాసు తెచ్చి, మా ఇంటి మీద ముల్లు గుచ్చి, మూడు చుట్లు గీశాడు. గంట దూరం, రెండు గంటల దూరం, మూడు గంటల దూరం. నీలం రంగు కనిపించిన చోటల్లా ఎర్ర సిరాతో చుక్క పెట్టాడు. "సైంటిఫిక్‌గా పోదాం అక్కగారూ," అన్నాడు. వంతెన కట్టినాయన గదా, నీళ్ళ సంగతి తెలిసే ఉంటుందనుకున్నాను. వంతెన కట్టేది నీళ్ళు తగలకుండా పోవడానికని నాకు తట్టలేదు.

ఆదివారాలు మాకు చర్చి ఆరాధన. కాబట్టి శనివారాలే. శనివారం అనగానే డాక్టరు గారు పంచాంగం తీశాడు. పొద్దున తొమ్మిదినుంచి పదిన్నర దాకా రాహుకాలం, బయల్దేరకూడదు.

"అది ఇండియా టైమండీ," అన్నాడు ఇంజనీరు గారు. "ఇక్కడ మధ్యాహ్నం రెండున్నరకి మొదలవుతుంది మీ రాహుకాలం."

"రాహువు సూర్యుణ్ణి బట్టి వస్తాడయ్యా. ఇక్కడ సూర్యుడు లేడా?"

"పంచాంగం రాసింది రాజమండ్రి సూర్యుడికి."

"అయితే రాహువులు ఇద్దరా?"

అరగంట వాదించుకుని రాజీకొచ్చారు. ఇద్దరు రాహువులకీ దణ్ణం పెడదామన్నారు. పొద్దున పదిన్నర దాటాక బయల్దేరాలి, మధ్యాహ్నం రెండున్నరలోగా మొదటి గేలం వెయ్యాలి. మా సంఘంలో రాహువు లేడు. కానీ కారు వాళ్ళది, కాబట్టి ఆ ఆరు వారాలూ నాకూ ఉన్నాడు. "తెల్లారగట్ల గదండీ చేప తినేది, ఆయన చీకటితో వెళ్ళేవాడు," అన్నాను. "ఆయనకి అనుభవం ఉంది వదినగారూ, మనం జాగ్రత్తలో ఉండాలి," అన్నాడు డాక్టరు గారు.

మొదటి శనివారం దగ్గర చుట్టుతో మొదలుపెట్టారు. పావుగంటలో చేరాం. నిజంగానే పెద్ద చెరువు, అద్దంలా ఉంది. చుట్టూ నిలువెత్తు ఇనప కంచె. బోర్డు చదివి ఇంజనీరు గారు చెప్పాడు, ఇది ఊరందరూ తాగే నీళ్ళట, వేలు పెట్టినా జరిమానా. మ్యాపులో కంచె గియ్యరు గదా మరి. కంచె ఇవతల దుప్పటి పరుచుకుని పులిహోర తిన్నాం. డాక్టరు గారు భుజాన ఇటుకబట్టీ అంత వీడియో కెమెరా పెట్టుకుని మా అందర్నీ, కంచెనీ తీశాడు.

రెండో శనివారం కొండలు ఎక్కాం. కరెంటు తయారుచేసే చోట ఒక చెరువు. నీళ్ళున్నాయి, తెల్లవాళ్ళున్నారు, వాళ్ళ బకెట్లలో చేపలున్నాయి. మేం చేరేసరికి వాళ్ళు కర్రలు మడిచి ఇంటికెళుతున్నారు. ఒకాయన మమ్మల్ని చూసి, "అప్పుడే వచ్చారా, రేపటికోసమా?" అన్నాడు. డాక్టరు గారు విసిరిన గేలం ఆయన టోపీనే పట్టింది. ఆ టోపీ మీద పదిహేను నిమిషాల వీడియో ఉంది.

మూడోది మూడు గంటల చుట్టు. అక్కడ ఎల్లోబెల్లీ ఉందని అంగడివాడు కూడా చెప్పాడు. దారిలో ఇడ్లీలకి ఆగాం, చెట్టు బాగుందని ఆగాం, ఫోటోకి ఆగాం. చెరువు కనపడేసరికి టైము రెండు నలభై. "పది నిమిషాలు దాటింది," అని డాక్టరు గారు కారు దిగలేదు. నాలుగు దాకా కూర్చున్నాం. నాలుగింటికి రాహువు వెళ్ళిపోయాడు, వాన వచ్చింది.

నాలుగో వారం డాక్టరు గారికి డ్యూటీ. అయిదో వారం ఇంజనీరు గారి అబ్బాయికి యూనివర్సిటీలో ఏదో పండగ. నేను ప్రతి శుక్రవారం మసాలా నూరడం, ప్రతి శనివారం రాత్రి దాన్ని కోడికూరలో వేసెయ్యడం.

"ఆంటీ, వై డోంట్ యూ జస్ట్ బై ఫిష్?" అంది డాక్టరు గారి అమ్మాయి.

దానికేం చెప్పను? ఆయన శవపేటిక మోసినవాళ్ళకి కొట్లో కొన్న సముద్రం చేప పెట్టి, ఇదీ ఆయన జ్ఞాపకం అని చెప్పనా? మా ఆయన ఆ కుర్చీలో కూర్చున్నది ఒక్క ఆ చేప మీదే. చేప లేకపోతే మళ్ళీ గోడ పక్కకే పోతాడు.

ఆఖరి శనివారం వచ్చింది. మర్నాడే కూడిక. నలభైమందికి చెప్పేశాను. పదిన్నర దాటాక డాక్టరు గారి పాత స్టేషన్ వాగన్‌లో బయల్దేరాం, ఈసారి విండ్సర్ అనే ఊరి మీదుగా కొండలెక్కుదామని. ఇక్కడ ఫిబ్రవరంటే నడి ఎండాకాలం, ఎండ నిప్పులు కక్కుతోంది. నలభై నిమిషాలైందో లేదో, కూరగాయల తోటల మధ్య కారు ముందునుంచి పొగలొచ్చాయి. రేడియేటర్లో నీళ్ళు లేవు. తొమ్మిది జాడీల ఊరగాయలూ, నాలుగు కుర్చీలూ, ఎస్కీ అనే చలిపెట్టె నిండా ఐసూ తెచ్చారు గానీ నీళ్ళు తేలేదు.

"సైంటిఫిక్‌గా చూస్తే ఇది చల్లారాలి," అన్నాడు ఇంజనీరు గారు.

"నీళ్ళు తెస్తా," అని నేను బకెట్టు పట్టుకున్నాను. ఎందుకో ఆయన పెట్టె కూడా చంకనే ఉంది, ఆరు వారాలుగా అలవాటై.

క్యాబేజీ మడులు దాటితే పల్లంలో ఒక మడుగు. మ్యాపులో దానికి ఎర్రచుక్క లేదు, అసలు నీలం రంగే లేదు. ఒక ముసలి తెల్లాయన మడత కుర్చీలో కూర్చుని గేలం వేసుకున్నాడు. ఆయన వెనక గడ్డిమీద పెద్ద పెద్ద చేపలు నాలుగు పడున్నాయి. ఒకటి ఇంకా తోక కొడుతోంది.

దగ్గరికెళ్ళి చూశా. పసుపు పొట్ట. రూపాయి బిళ్ళంత పొలుసు. మూతికి అటు రెండు, ఇటు రెండు మీసాలు.

చేతిలో బకెట్టు కిందపెట్టాను.

"అవి కార్ప్, పనికిమాలినవి," అన్నాడు ముసలాయన. "బురద తింటాయి. పట్టినవాటిని మళ్ళీ నీళ్ళలో వదలబుద్ధి కాదు. నాకు కావలసింది వేరే చేప." అంటూ నా మొహంకేసి చూసి, ఆ పైన పెట్టెకేసి చూశాడు. "ఇది నాకు తెలిసిన పెట్టే! మీ వాళ్ళే ఒకాయన వచ్చేవాడు. ఏడాదైంది కనపడి. ఎలా ఉన్నాడు?"

నా ఇంగ్లీషు లాండ్రీలో నేర్చుకున్న ఇంగ్లీషు. "మై హస్బెండ్. డెడ్," అన్నా.

ఆయన టోపీ తీశాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని తనే చెప్పడం మొదలుపెట్టాడు. మంచివాడు, గొడవలేని మనిషి. కర్ర తెచ్చి పక్కన పెట్టుకునేవాడు గానీ గేలం వేసింది తను చూడలేదు. చాలాసార్లు ఆ చెట్టుకింద నిద్రపోయేవాడు. వెళ్ళేటప్పుడు మాత్రం ఈ పారేసిన కార్ప్‌లు అడిగి తీసుకుపోయేవాడు.

"గులాబీ చెట్లకి ఎరువని చెప్పాడు. చేప పాతితే గులాబీలు బ్రహ్మాండంగా పూస్తాయి. ఏం, ఇప్పుడూ బాగా పూస్తున్నాయా మీ గులాబీలు?"

మా ఇంట్లో గులాబీ చెట్టు లేదు. ఎప్పుడూ లేదు. మా దొడ్లో ఉన్నవి గోంగూరా, కరివేపాకూ.

చూడండి మా ఆయన తెలివి. తెలుగువాళ్ళ దగ్గర పారేసిన చేప ఏరుకొచ్చానని చెప్పలేక పట్టానన్నాడు. తెల్లవాళ్ళ దగ్గర దాన్ని తింటామని చెప్పలేక పాతిపెడతామన్నాడు. మధ్యలో నాకు గేలం గీరిందన్నాడు. పెట్టెలు ఎత్తి దించేవాడికి ఇంత బరువు మోసే శక్తి ఎక్కడిదో! కొండలూ లేవు, మూడు గంటలూ లేవు. నలభై నిమిషాల దారి, మిగతాదంతా చెట్టుకింద నిద్ర. తిట్టుకుందామంటే మనిషి ఎదురుగా లేడు. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి చెయ్యలేక నిలబడిపోయాను.

"బాగా పూస్తున్నాయి," అన్నాను. "వెరీ గుడ్ రోజెస్."

"అయితే తీసుకెళ్ళు," అన్నాడు. నాలుగూ ఇచ్చాడు. ఆయన వీపు తిరగగానే నేను పెట్టె తెరిచి, కట్టరు తీసుకుని, గడ్డిమీద గొంతుక్కూర్చున్నాను. నాలుగు చేపలు, పదహారు మీసాలు. కట్టరు మొండిబారి ఉంది పాపం, నాలుగేళ్ళు పని చేసింది గదా.

చేపల్ని బకెట్లో తల కిందకి పెట్టి తీసుకొస్తే కారు దగ్గర ఇద్దరూ ఎగిరి గంతేశారు.

"ఎక్కడివి అక్కగారూ?"

"పట్టాను."

"మీరా! దేనితో?"

"ఆయన కర్రతో." కర్ర కారులోనే ఉంది, వాళ్ళ కాళ్ళదగ్గరే. ఎవరూ చూడలేదు. చేపనే చూస్తున్నారు.

ఇంజనీరు గారు సంచిలోంచి చేపల బొమ్మల పుస్తకం తీశాడు. బొమ్మ చూశాడు, చేపని చూశాడు. "పొట్ట పసుపు. మీసాలు లేవు. నూటికి నూరుపాళ్ళు ఎల్లోబెల్లీ," అని తేల్చాడు. నీళ్ళకోసం వెళ్ళిన బకెట్లో నీళ్ళు లేవన్న సంగతి అప్పటికీ ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక ఆగుతారా? కర్రలు పట్టుకుని మడుగు కేసి పరుగు. ముసలాయన అవతలి గట్టుకి జరిగిపోయాడు, పుణ్యాత్ముడు. గంట గడిచాక డాక్టరు గారి కర్ర వంగింది. ఆ కేకలు విన్నారంటే ఎవరైనా అంబులెన్సుని పిలుస్తారు. ఇద్దరూ కలిసి లాగితే వచ్చింది, మూరెడు చేప. ఆయన జన్మలో పట్టిన మొదటి చేప. ఇంజనీరు గారు మళ్ళీ పుస్తకం తీశాడు.

"మీసాలున్నాయండీ. ఇది కార్ప్."

"ఛీ!" అన్నాడు డాక్టరు గారు, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటూ. "మా ఆసుపత్రిలో తెల్లవాళ్ళు చెబుతుంటారు, దీన్ని కుక్క కూడా ముట్టదట. పారెయ్యండి. మీ ఆయన ఇలాంటిదాన్ని కన్నెత్తయినా చూసేవాడు కాదు వదినగారూ."

"చూసేవాడు కాదండీ," అన్నాను.

గట్టుమీదకి విసిరేశాడు. వాళ్ళు రేడియేటర్లో నీళ్ళు పోస్తుంటే నేను వెనక్కి వెళ్ళి దాన్నీ సంచిలో వేసుకున్నాను. అయిదు చేపలు, ఇరవై మీసాలు.

ఆ సాయంత్రమే పులుసు పెట్టి పక్కనపెట్టాను. చేపల పులుసు మర్నాటికి గానీ రుచికి రాదు. ఆదివారం ఆరాధనయ్యాక అద్దె హాల్లో పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు, వడ్డించాను. డాక్టరు గారు పూజలు చేసుకునే మనిషైనా ముందు వరసలో కూర్చున్నాడు. మా ఆయన కూర్చునే కుర్చీ ఆయన పక్కనే ఖాళీగా వదిలారు. నేనేం చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే వదిలారు.

రెండుసార్లు వడ్డించుకుని, తల ముక్క చీకుతూ డాక్టరు గారు లేచి నాలుగు మాటలు చెప్పాడు. "మేం చదువుకున్నాం, మ్యాపులు చూశాం, మాకు పడింది మీసాల చెత్త. అదే మడుగులో ఆయన కర్రకి ఎల్లోబెల్లీ పడింది. అదండీ చెయ్యి వాటం అంటే." అందరూ ఖాళీ కుర్చీకేసి చూసి తలలూపారు. ఆయన తింటున్న తల ఎవరు పట్టిందో నాకు తెలుసు. దాని మూతికి గాట్లు కాస్త వంకరగా పడ్డాయి, నేను తొందరలో తీశాను. మజ్జిగ కలుపుకోమని చెప్పి పక్క వరసకి వెళ్ళాను.

ఆ తర్వాత ఇంజనీరు గారు తెలుగువాళ్ళ కోసం ఒక కాయితం అచ్చేయించాడు, కారులో వెళ్ళిరాగల మంచి చేపల చెరువులని. మొదటి పేరు ఆ మడుగుదే. ఎండాకాలం శనివారాలు పదిన్నర దాటాక మనవాళ్ళంతా అక్కడే. పట్టడం, పుస్తకం తియ్యడం, ఛీ అని గట్టుమీద పారెయ్యడం. ఎవరి కారులో చోటుంటే వాళ్ళతో నేనూ వెళ్ళేదాన్ని, సంచీ కట్టరూ పట్టుకుని. "వదినగారికి మాత్రం భలే పడతాయండీ," అనేవారు.

పొలుసూ, పేగులూ, మీసాలూ మాత్రం పెరట్లో పాతిపెట్టేదాన్ని. దాని మీద ఒక గులాబీ మొక్క తెచ్చి నాటాను. ఆ ముసలాయనతో చెప్పిన మాటన్నా నిజం కావాలిగా. అది పూసింది చూడండి, ఒక్కో పువ్వు పళ్ళెమంత. ఇంజనీరు గారి భార్య వచ్చి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏం వేస్తున్నారక్కా దీనికి?"

"మీ ఆయన్ని అడుగు," అన్నాను. "పారేసేది ఆయనే."